ఖాళీగా రావద్దు

"నేను ఖాళీ డబ్బాతోనే వచ్చేస్తున్నా బాబాయ్. ఇవాళ నాకు లోడూ వద్దు, ఏమీ వద్దు," అన్నాడు డ్రైవరు ఫోన్లో.

ఫ్యాక్టరీలో సరుకు దించేశాడు. లారీ మీద కంటైనర్ ఖాళీ అయింది. సాయంత్రం ఆరింటికి బడిలో కూతురి నాటకం. దానిది కాకి వేషం. ముందు వరుసలో కూర్చుంటానని మాటిచ్చాడు.

"ఖాళీగా రావడమా? నా కంఠంలో ప్రాణం ఉండగా?" అన్నాడు అవతల రూట్లు వేసే పెద్దాయన.

ఏ బండి ఎటు పోవాలో చెప్పేది ఆయనే. ఎక్కడ ఖాళీ కంటైనర్ కనిపించినా ఆ చుట్టుపక్కల ఓ లోడు వెతికి ముడిపెట్టేస్తాడు. అందుకే ఆఫీసులో ఆయన్ని పెళ్లిళ్ల పేరయ్య అంటారు. సంబంధం కుదిరితే గానీ ఆయనకు ముద్ద దిగదు.

"పోయినసారీ ఇలాగే చేశారు. నేను వెళ్లేసరికి తెర దించేశారు. పాప నాతో మాట్లాడటమే మానేసింది."

"ఈసారి మాట్లాడుతుందిలే. నువ్వున్న చోటికి పక్క వీధిలోనే ఓ గోదాముంది. వాళ్ల లారీ చెడిపోయింది. పాపం, నెత్తీ నోరూ బాదుకుంటున్నారు. అక్కడికి పో."

"మీకు పిల్లల్లేరా బాబాయ్?"

"ఉన్నారు. మనవలు కూడా ఉన్నారు. కదులు."

గోదాము వాళ్లు సరుకెక్కిస్తుంటే డ్రైవరు దిగి చూడను కూడా లేదు. కేబిన్లో మూతి ముడుచుకుని కూర్చున్నాడు. వెనక తలుపులు వేసి గొళ్లెం బిగించిన చప్పుడు వినగానే బండి తీశాడు.

"ఎక్కడ దించాలి?"

"ముందు ఊళ్లోకి రా. చెప్తా."

ఊళ్లోకి వస్తే ట్రాఫిక్. బండి నత్తనడక నడిచింది. చూస్తుండగానే ఆరు దాటింది. పేరయ్య మాత్రం తొణకలేదు, బెణకలేదు. ఎడమకు తిప్పు, కుడికి తిప్పు అంటూ మధ్యలో ఈల కూడా వేస్తున్నాడు. డ్రైవరుకు ఒళ్లు మండిపోయింది. ఎటు పోతున్నాడో చూసుకునే ఓపిక కూడా లేక, చెప్పినట్టల్లా తిప్పుతున్నాడు.

"ఈపాటికి మా కాకి వచ్చి వెళ్లిపోయుంటుంది. ఇంక మీకో దణ్ణం. రేపట్నుంచి వేరే డ్రైవర్ని చూసుకోండి."

"అలాగేలే. ఆ సందులోకి తిప్పు. చివర్లో ఇనుప గేటుంటుంది. హారన్ కొట్టు."

కసి తీరా కొట్టాడు. గేటు తెరుచుకుంది. లోపలంతా మైదానం. ఒక్కసారిగా పిల్లలు బిలబిలమంటూ పరిగెత్తుకొచ్చారు. తోక చేత్తో పట్టుకుని ఓ సింహం, చెవులు జారిపోతున్న కుందేళ్లు, వాటి వెనక నల్ల కాగితం రెక్కలు టపటపలాడించుకుంటూ ఓ కాకి.

డ్రైవరు కళ్లు నులుముకుని చూశాడు. రోజూ పాపను దింపేది వాళ్లమ్మే. బడికి వెనక గేటుందని కూడా అతనికి తెలియదు. ఒక్క గెంతులో కిందికి దూకాడు. కాకిని చూస్తే సంతోషం, గడియారం చూస్తే ఏడుపు.

"అయిపోయిందా తల్లీ?" అన్నాడు.

కాకి నడుం మీద రెక్కలు ఆనించుకుని నాన్నను ఎగాదిగా చూసింది.

"అసలు మొదలెక్కడైంది నాన్నా? స్టేజీ, కుర్చీలూ అన్నీ నీ లారీలోనే ఉన్నాయట."