లక్షా పాతికవేలు

“సైన్యమేదీ?” ఊరి కోటతలుపు సగం తెరిచి అరిచింది ఖేమ్ కౌర్.

బయట నీలం తలపాగా ముసలాయన టహల్ సింగ్ కుంటి గుర్రం దిగుతున్నాడు. “లక్షా పాతికవేల మందిమి వస్తున్నామని కబురంపాం కదా బీబీ? వచ్చేశాం.”

“ఎక్కడ?”

“ఇదుగో, నేనే. మా సిక్కుల ఖాల్సా దళంలో ఒక్కడంటే లక్షా పాతికవేలు.”

“నీ లెక్క తగలెయ్య! ఆ కబురు నమ్మి ఊరు ఖాళీ చెయ్యకుండా కూర్చున్నాం. అక్కడ అఫ్గాన్ దుర్రానీ రౌతులు వాగు దాటేశారు. నా మొగుడూ ఈ లెక్కే చెప్పి వెళ్లాడు. తల లేకుండా తిరిగొచ్చాడు.”

“తిట్లు తర్వాత. ముందు బాదంపప్పులు తిను.”

అతను చాపిన మూటలో ఉన్నవి వేయించిన శనగలు. ఖాల్సా వాళ్ల లెక్కలో అవే బాదంపప్పులు. ఆమె వాటిని విసిరికొట్టింది. “పో ఇక్కణ్ణించి! ఆ గుర్రమెక్కి నువ్వైనా బతుకు.”

టహల్ సింగ్ జీను విప్పి కింద పడేశాడు. గుర్రాన్ని ఒక్కటి చరిచి పొలాలవైపు తోలేశాడు. ఆ పైన తలుపుకి అడ్డంగా కూర్చుని, తాపీగా కత్తి నూరుకోసాగాడు.

ఖేమ్ కౌర్ పొలాల్లోకి పోతున్న గుర్రాన్నే చూస్తూ నిలబడిపోయింది.

వెనక బురుజు మీద కాపలా ఉన్న మరిది చందా అరిచాడు. “వదినా! సైన్యం వచ్చిందా? ఎంతమంది?”

ఆమె లోపలికి పోయి మొగుడి కత్తి పట్టుకొచ్చింది. ముసలాయన పక్కన నిలబడింది.

“రెండున్నర లక్షలు!” అని కేకేసింది. “నువ్వూ దిగిరా చందా, ఇంకా పెరుగుతాం.”