గడప బయట మూట

కట్టెలు ఏరుకుని ఇంటికొచ్చిన ఎల్‌డ్రెడ్‌కి గడప బయట మూట కనిపించింది. విప్పి చూస్తే తన దుప్పటి, బూట్లు, నీలిరాయి చెక్కే పనిముట్లు.

అమెరికాలోని ఆ జూనీ తెగవాళ్లలో ఇల్లు ఆడదానిది. మొగుడి మూట గడప దాటిందంటే పెళ్లి అక్కడితో సరి. సంజాయిషీ ఎవరూ అడగరు.

ఎల్‌డ్రెడ్ మాత్రం అడిగాడు. "నేనేం తప్పు చేశానే?"

"ఏం చెయ్యలేదు. నీ మొహం చూసి చూసి విసుగొచ్చింది," తలుపు వెనక నుంచి అంది వెర్నా.

"నలభై రెండేళ్ల తర్వాతా?"

"ఇన్నాళ్లూ తీరిక దొరకలేదు."

అతనికి దగ్గు తెర వచ్చింది. రాతిపొడి పీల్చీ పీల్చీ ఛాతీ ఏనాడో గుల్లయింది. దగ్గు వినిపిస్తే చాలు కషాయం గిన్నెతో పరిగెత్తుకొచ్చే మనిషి, ఆ రోజు లోపల గడియ పెట్టుకుంది.

మూట భుజానేసుకుని అక్క క్లారిస్ ఇంటికి చేరాడు. మగాడికి పుట్టిల్లు ఎప్పుడూ ఉంటుంది, నిజమే. కానీ డెబ్భై ఏళ్ల వయసులో అక్క వండింది తింటూ కూర్చోవడం అతనికి చచ్చినంత పనయింది. పైగా పక్కింటి విల్మర్ ఒకటే ఎగతాళి.

"ఏం బావా, మళ్లీ పెళ్లికొడుకువయ్యావు. సంబంధాలు చూడమంటావా?"

వారం ఆగి, ఆమెకిష్టమైన ఎలుగుబంటి బొమ్మ చెక్కి తీసుకెళ్లాడు. వాకిట్లో రొట్టెల పొయ్యి చుట్టూ ఆడవాళ్లంతా ఉన్నారు. వెర్నా బొమ్మ వంక కూడా చూడలేదు.

"అందరూ వినండి. ఇతను నాకేమీ కాడు. రేపు ఎవరూ ఇతన్ని నా మొగుడనకండి," అంది గట్టిగా. జూనీలో ఒకసారి, పిల్లలక్కూడా అర్థమయ్యేలా ఇంగ్లీషులో ఇంకోసారి.

ఎల్‌డ్రెడ్‌కి తల కొట్టేసినట్టయింది. మళ్లీ అటు పోలేదు. కానీ రోజూ కిటికీ దగ్గర కూర్చుని ఆ వీధి వైపే చూసేవాడు.

డిసెంబరులో, మంచు పడుతున్న ఒక ఉదయం, కూతురు లొరిండా ఏడుస్తూ వచ్చింది. తల్లి పోయింది.

ఎల్‌డ్రెడ్ మెల్లగా లేచి, పొయ్యికి దూరంగా, గాలి కొట్టే మూలకు పోయి కూర్చున్నాడు. వాళ్ల ఆచారంలో పెళ్లాం పోయిన మగాడు నాలుగు రోజులు నిప్పు దరికి రాకూడదు. అతన్ని ఎవరూ తాకకూడదు.

"వెళ్లగొడితే మాత్రం ఏం? అది నా పెళ్లామే," అన్నాడు వణుకుతూ.

లొరిండా వచ్చి అతని చెయ్యి పట్టుకుని పొయ్యి దగ్గరికి లాగింది.

"ఈ నాలుగు రోజుల చలికి నువ్వు బతకవనే నాన్నా, డాక్టరు తనకి గడువు చెప్పిన రోజే అమ్మ నీ మూట కట్టింది."