అన్నీ ఉన్న పాలసీ

"సర్వర్ ఇంకా రాలేదండీ. వచ్చేదాకా కూర్చోండి," అంది ఇన్సూరెన్స్ ఆఫీసు మేడమ్.

కూర్చునే స్థితిలో ఉంటే కదా! వాచీలు బాగుచేసే ఆయన కుర్చీ అంచున ఆనీ ఆనకుండా కూర్చున్నాడు. ఒళ్ళో కాగితాల ఫైలు. ఒంటి మీద నిన్నటి చొక్కా. గుండీ ఒకటి పై కాజాలోకి పోయి చొక్కా వంకరగా వేలాడుతోంది. రూపాయి బిళ్ళంత వాచీలోని ఆవగింజంత మరని చెయ్యి వణక్కుండా బిగించే మనిషి, ఇవాళ తన గుండీ తాను పెట్టుకోలేకపోయాడు.

"ఏం జరిగిందో చెప్పండి. ఈలోగా రాసుకుంటాను."

చెప్పాడు. నిన్న పొద్దున షెడ్డులోంచి కారు వెనక్కి తీస్తున్నాడు. భార్య ఎప్పట్లాగే వెనక నిలబడి, డిక్కీ మీద చేత్తో తడుతూ "రానివ్వండి... రానివ్వండి..." అంటోంది. రానిచ్చాడు. "ఆపండి!" అని కూడా అంది. కంగారులో బ్రేకు అనుకుని అతను నొక్కింది బ్రేకు కాదు. ఆవిడ కారుకీ గోడకీ మధ్య ఇరుక్కుపోయింది.

"రెండు కాళ్ళూ నుజ్జయ్యాయి మేడమ్. రేపు సాయంత్రంలోగా ఆపరేషన్ చెయ్యకపోతే మళ్ళీ నిలబడదంటున్నారు. తనకి బ్యూటీపార్లర్ ఉంది. పొద్దస్తమానం నిలబడి చేసే పని. ఆసుపత్రివాళ్ళేమో సగమన్నా కట్టందే థియేటర్లోకి తీసుకెళ్ళరట. అమ్మేద్దామంటే నా షాపులో ఉన్న వాచీలన్నీ జనానివే!"

"అయ్యో. మీది ఏ రకం పాలసీ?"

"అన్ని రకాలూ ఉన్నాయి మేడమ్!"

అబద్ధం కాదు. ఆయన చాదస్తం అలాంటిది. పాలసీ తీసుకున్ననాడు, వాచీలు చూసే భూతద్దం కంటికి బిగించుకుని సన్నక్షరాలన్నీ చదివాడు. ప్రతి కవరు దగ్గరా "అదీ పడెయ్యండి" అన్నాడు. సందేహాలు తీర్చలేక ఏజెంటుకి తల ప్రాణం తోకకొచ్చింది. "ఇంతోటి బండికి ఇన్నెందుకండీ డ్రైవరు గారూ!" అని భార్య పడీపడీ నవ్వింది. కారు కొన్న దగ్గర్నుంచీ ఆవిడ పిలుపు అదే. కావాలనే వెనక సీట్లో కాలు మీద కాలేసుకుని కూర్చునేది.

"అన్నీ ఉంటే ఇంకేం! ముందు మీ బండి సంగతి చూద్దాం. వెనక లైటు పగిలిందా?"

"పగిలిందండీ."

"పైసా కట్టక్కర్లేదు. కొత్తది వేసిస్తారు. బంపరూ అంతే."

"లైటెవడిక్కావాలి మేడమ్!" అని అరిచేశాడు. పక్క బల్లల దగ్గరివాళ్ళు తిరిగి చూశారు. సిగ్గుతో తల దించుకుని, "ఏమనుకోకండి. నా బుర్ర పనిచెయ్యడం లేదు," అన్నాడు.

మేడమ్ ఏమీ అనుకోలేదు. ఇలాంటివాళ్ళని రోజూ చూసే మనిషే.

"పోనీలెండి. పర్సనల్ యాక్సిడెంట్ కవరు ఒకటుంది. ఓనరు బండి నడుపుతూనో, బండిలో కూర్చునో ఉండగా దెబ్బ తగిలితే వస్తుంది. మీ ఆవిడ బండి లోపల లేరుగా?"

"లేదండీ. బయటే. వెనకాల."

"అయితే థర్డ్ పార్టీ కిందకి వస్తుంది. మీ బండి వల్ల బయటివాళ్ళకి దెబ్బ తగిలితే ఇచ్చేది."

"కట్టుకున్న భార్య కదా మేడమ్? బయటివాళ్ళంటే మీవాళ్ళు ఒప్పుకుంటారా?"

నిన్నటి నుంచీ అతన్ని పీక్కుతింటున్న భయం ఇదే.

మేడమ్ నవ్వింది. "అందరూ ఇక్కడే పొరబడతారు. బండి బయట ఉంటే చాలు. భార్యయినా, అత్తగారయినా, దారినపోయే దానయ్యయినా మాకొకటే. తప్పు నాదేనని మీరొక కాగితం రాసివ్వండి. సాయంత్రానికల్లా ఆసుపత్రికి లెటర్ పంపించేస్తాం."

పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. రెండు చేతులూ జోడించాడు. "చల్లగా ఉండాలి మేడమ్ మీరు!"

"నాదేముందండీ, అంతా పాలసీలో ఉన్నదే. లోకంలో ఎవరికి తగిలినా ఇస్తాం, ఒక్క ఓనరుకి తప్ప. ఎవరి బండి వాళ్ళనే గుద్దితే అది థర్డ్ పార్టీ కాదు. ఆ గొడవ మీకెందుకు లెండి, మీరు నిక్షేపంగా నా ఎదురుగా కూర్చున్నారుగా!"

అతను నవ్వలేదు. జోడించిన చేతులు విప్పడం కూడా మరిచిపోయాడు.

"మరి... ఓనరు బండి బయట నిలబడి ఉంటే?"

"బయట ఉంటే పర్సనల్ యాక్సిడెంటూ రాదు. అటూ కాకుండా, ఇటూ కాకుండా పోతుంది."

"దానికి వేరే కవరు లేదా మేడమ్? ఎంత చిన్నదైనా సరే..."

"దానికింకా ఎవరూ కనిపెట్టలేదండీ. ఎందుకడుగుతున్నారు?"

"ఊరికే... తెలుసుకుందామని."

కళ్ళ నీళ్ళు ఆగలేదు. కుమిలి కుమిలి ఏడ్చాడు. భారం దిగినప్పుడు మగవాళ్ళు ఇలాగే ఏడుస్తారని మేడమ్‌కి అనుభవం. మంచినీళ్ళ గ్లాసు అతని ముందుకు జరిపింది.

"ఇంకా ఎందుకండీ ఏడుపు? గండం గట్టెక్కింది. ఇదిగో, సర్వర్ కూడా వచ్చేసింది. బండి నంబరు చెప్పండి."

ఒక్కో అంకే చెప్పాడు. ఏదో ఒకటి తప్పు చెప్పి లేచిపోదామనుకున్నాడు. నోటికి అలవాటైన నంబరు, సరిగ్గానే వచ్చేసింది.

తెర మీద పాలసీ తెరుచుకుంది: పెళ్ళిరోజు కానుకగా, వద్దన్నా వినకుండా, ఆ కారుని అతను కొన్నది భార్య పేరు మీద.