దించిన అర

మేడ్చల్ దగ్గరి ఒక గోదాములో అరలు ఎత్తుకు జరిపాక, పొట్టిగా ఉన్న ఆడవాళ్లంతా కాళ్లు పొడుగు చేయించుకోవాల్సిందే అంది యాజమాన్యం. చాలామంది ఆపరేషన్‌లో కాలి ఎముక కోయించుకుని, కాళ్ల చుట్టూ ఇనుప రింగులు బిగించుకుని వచ్చారు. వాళ్లు సరుకు సర్దుతుంటే రింగులకున్న చిన్న మోటార్లు ఆ ఎముకను రోజుకో మిల్లీమీటరు సాగదీసేవి.

స్వరూప ఒప్పుకోలేదు.

"అందరూ పెంచుకుంటున్నరు. నీకేం నొప్పి?" అన్నాడు సూపర్‌వైజర్.

"నొప్పేందో వీళ్లనడుగుండ్రి సార్. నాలుగు బోల్టులిప్పితే అర కిందికొస్తది. దానికి నా ఎముక కోసుడెందుకు?"

అతను నవ్వాడు. స్వరూప పానా తెచ్చి బోల్టులు విప్పసాగింది.

"ఉద్యోగం పోతది!" అని అరిచాడు.

రింగుల కాళ్లతో కుంటుకుంటూ వచ్చి ఐదుగురు ఆడవాళ్లు ఆ బరువైన అరను కింది నుంచి పట్టుకున్నారు.

స్వరూప ఉద్యోగం ఆ రోజే పోయింది. అరను మళ్లీ పైకెక్కించడానికి మాత్రం ఆ ఐదుగురూ ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు.