నష్టం కనిపించలేదు

"మీ ఇంటికి నష్టమే జరగలేదు కదండీ!" అన్నాడు బీమా కంపెనీ మేనేజరు, ఫైలు పక్కకి నెడుతూ.

టైలరుకి ఒళ్లు మండిపోయింది. "మొన్నటి గాలివానకి పెంకులు ఎగిరిపోయి కప్పు సగం కూలిందండీ! చినుకు పడితే తిన్నగా కుట్టుమిషన్ల మీదే పడుతోంది. కప్పు వేయించకపోతే నేను కుట్టుపని మానుకోవడమే. మీ సర్వేయరు కళ్లు జేబులో పెట్టుకుని వచ్చాడా?"

"కళ్లతో చూడ్డమే కాదు, ఫొటో కూడా తీశాడు." మేనేజరు ఒక ఫొటో ముందుకు తోశాడు.

అందులో టైలరుగారి ముందుగది బట్టల షోరూములా మెరిసిపోతోంది. కూలిన కప్పు కనబడకుండా గులాబీరంగు శాటిన్ గుడ్డ, చుట్టూ కుచ్చులతో సహా, బిగించి కట్టి ఉంది. గోడలో బీట ఉండాల్సిన చోట క్యాలెండరు ఉంది. తడిసిన పరుపు జాడే లేదు.

"ఆ సీలింగు ఎవరు చేశారో కనుక్కోమంది మా ఆవిడ," అన్నాడు మేనేజరు. "రిపోర్టులో ఏం రాశాడో వినండి. 'పాలసీ తీసుకున్న నాటికన్నా ఇల్లు మెరుగ్గా ఉన్నది.' మరి క్లెయిము ఎలా ఇమ్మంటారు?"

టైలరు బతిమాలాడు, వాదించాడు, మళ్లీ బతిమాలాడు. చివరికి మేనేజరు విసుగెత్తి, గురువారం తనే వచ్చి చూస్తాననీ, అదే ఆఖరనీ తేల్చి చెప్పాడు.

ఇంటికి వస్తూనే టైలరు భార్య మీద అంతెత్తున లేచాడు.

"నేను డెలివరీ ఇవ్వడానికి వెళ్లిన పూటే ఇంత పని చేస్తావా? ఆ గుడ్డ ఎందుకు కట్టావే?"

"బావుంది! కొత్తమనిషి వస్తున్నాడంటే ఇల్లు అలాగే వదిలేస్తారా? మీరొచ్చేలోపు విప్పి మడతపెట్టేశాను కూడా."

"నష్టం చూడ్డానికి వచ్చేవాడికి నష్టం కనబడొద్దూ?"

"నష్టం ఇంటిది. పరువు నాది!"

బుధవారం టైలరు పని మానేసి ఇంటిని మళ్లీ యథాస్థితికి తెచ్చాడు. క్యాలెండరు పీకేశాడు. పెరట్లో దాచిన పరుపు తెచ్చి గది మధ్యలో పడేశాడు. ఎత్తిపోసిన పెంకుముక్కల్ని బుట్టతో తెచ్చి, పడినచోటే పరిచాడు. రేపటిదాకా చీపురు ముట్టుకోనని భార్య చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆవిడ మూతి ముడుచుకునే వేసింది.

గురువారం మేనేజరు వచ్చాడు. గదిలో నిలబడి తలెత్తితే ఆకాశం కనిపించింది. గోడ బీటలో వేలు పెడితే సగం దూరింది.

"అయ్యయ్యో, ఇంత నష్టమా! మావాడు ఏం చూసి రాశాడో!" అంటూ పెన్ను తీసి, ఫారంలో సంతకం పెట్టాల్సిన చోటు వెతుక్కున్నాడు.

గుమ్మం దగ్గర నిలబడిన భార్యకి సిగ్గుతో ప్రాణం పోతోంది. ఇక ఉండబట్టలేక ఒక అడుగు ముందుకు వేసింది.

"మరోలా అనుకోకండి అన్నయ్యగారూ! మా ఇల్లు ఎప్పుడూ ఇలా ఉండదు. మీరు చూడ్డానికి వస్తున్నారని, నిన్నంతా పని మానుకుని ఈయనే ఇలా చేశారు!"