శాంపిల్ ఓటరు

“ఇది విను. ‘అభివృద్ధికి చిరునామా మన కాంట్రాక్టరన్న!’ ఎలా ఉంది?”

“ఈసారి నాకు చదివి వినిపించొద్దని చెప్పాను కదండీ,” అంది భార్య, చొక్కా ఇస్త్రీ చేస్తూ.

“మళ్ళీ అలకా? ఒక్క ముక్క చెప్పు, వెళ్ళిపోతాను.”

“బాగుంది.”

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎన్నికల్లో నిలబడ్డవాళ్ళను గెలిపించి పెట్టడం ఆయన వృత్తి. ఇరవై మూడు ఎన్నికలు, ఇరవై మూడు గెలుపులు. ఆ రంగంలో అందరూ గురువుగారని పిలుస్తారు. ఏ నినాదమైనా అచ్చుకు వెళ్ళే ముందు భార్యకు చదివి వినిపించడం ఆయనకు మొదటి నుంచీ అలవాటు. ఆవిడ మీటింగులకు రాదు, రాజకీయాలు మాట్లాడదు. కాబట్టి మామూలు జనం మనసు ఆవిడ మొహంలో కనిపిస్తుందని ఆయన సిద్ధాంతం. “మా ఆవిడ నా శాంపిల్ ఓటరు,” అని స్నేహితుల ముందు వేళాకోళం చేసేవాడు. ఆవిడా నవ్వేది.

ఆవిడ ‘ఊహూ’ అందంటే ఆయన మారు మాట్లాడకుండా కొట్టేసి మళ్ళీ రాసేవాడు. ఒకసారి ‘ఇంటింటికీ వెలుగు’ అని చదివితే, “కరెంటు బిల్లు గుర్తొస్తోందండీ” అంది. ఆ పూటే మొత్తం మార్చాడు. ఆ ఎన్నిక గెలిచాక తన సిద్ధాంతాన్ని తనే తెగ మెచ్చుకున్నాడు.

కిందటేడు గెలిచినప్పుడు, ఎన్నడూ లేనిది, ఆవిడ అడిగింది. “ఈసారి నన్నూ ఆఫీసుకి తీసుకెళ్తారా?”

“ఆ గోలలో నువ్వెందుకు? హాయిగా ఇంట్లో ఉండక!” అని నవ్వేశాడు. తరవాత ఆవిడ మధ్యాహ్నాలు లైబ్రరీకి వెళ్ళడం మొదలుపెట్టింది. పోనీలే, కాలక్షేపం దొరికిందని ఆయన సంతోషించాడు.

ఈసారి మున్సిపల్ చైర్మన్ ఎన్నిక, పార్టీ నిలబెట్టింది ఒక కాంట్రాక్టరుని. ఇది గెలిపిస్తే వచ్చే ఏడు రాష్ట్రమంతటా ప్రచారం ఆయన చేతికే ఇస్తామని పార్టీ పెద్దలు మాటిచ్చారు. ఓడిపోతే యాభై ఎనిమిదేళ్ళ మనిషిని పిలిచి పని ఇచ్చేదెవరు? ఆ భయం లోపల పీకుతూనే ఉన్నా, అవతల నిలబడ్డది రిటైరైన నర్సు అని తెలిసి నల్లేరు మీద నడకే అనుకున్నాడు.

పది రోజులకే ఆ ధీమా నీరుగారిపోయింది.

“నర్సమ్మ కరపత్రం చూశారా?” అంటూ కాంట్రాక్టరు దాన్ని బల్ల మీద విసిరికొట్టాడు. ఒక పక్క ఏ వీధికి కుళాయి నీళ్ళు ఎన్ని గంటలకు వస్తాయో పట్టిక. రెండో పక్క ఒకే ఒక్క వాక్యం: ‘ఈ వేళలు మార్పించడానికే నిలబడ్డాను.’

“ప్రతి వంటింట్లోనూ గోడకి అంటించుకున్నారండీ! మన కరపత్రాలతో పిల్లలు పడవలు చేసుకుంటున్నారు.”

అంతటితో అయిపోలేదు. కాంట్రాక్టరు మనుషులు పొద్దున్నే ఇళ్ళ మీద పడితే, ఆడవాళ్ళు పని మధ్యలో విసుక్కుని తలుపులు వేసుకున్నారు. నర్సమ్మ మనుషులు అందరూ తీరిగ్గా ఉండే మూడు గంటలకు వెళ్ళి, గుమ్మంలో కూర్చుని కబుర్లు చెప్పారు.

“మన ఎత్తులు ఎవరైనా అవతలివాళ్ళకి మోసేస్తున్నారేమో!” అన్నాడు కాంట్రాక్టరు.

“లేదండీ,” అన్నాడు గురువుగారు తల పట్టుకుని. “వాళ్ళ ప్రచారంలో అసలు మన ఊసే లేదు. ఇదంతా ఎవడిదో సొంత బుర్ర.”

ఆయన అనుమానం పాత శిష్యుడి మీదికి పోయింది. టీకొట్టు దగ్గర పట్టుకుని నిలదీశాడు.

“ఒట్టు గురువుగారూ, నేను కాదు. పని ఇస్తారేమోనని నర్సమ్మ వాళ్ళ దగ్గరికి వెళ్ళిన మాట నిజం. ‘మా దగ్గరున్న మనిషికి ఇంతవరకూ ఓటమన్నదే తెలీదు, నువ్వక్కర్లేదు’ అన్నారు.”

“ఓటమి తెలీనివాణ్ణి ఈ ఊళ్ళో నేనొక్కణ్ణే కదరా!”

“నేనూ అదే అన్నాను. నవ్వి పంపేశారు.”

లెక్కింపు మధ్యాహ్నానికే పూర్తయింది. నర్సమ్మ నాలుగు వేల ఓట్లతో గెలిచింది. కాంట్రాక్టరు ఆయన మొహం కూడా చూడకుండా కారెక్కాడు. పార్టీ పెద్దలు ఫోను ఎత్తలేదు. గురువుగారు ఇంటిదాకా నడిచే వచ్చాడు. దారి పొడుగునా ఒకటే ఆలోచన.

భార్య మంచినీళ్ళు తెచ్చి పక్కన కూర్చుంది.

“ఓడిపోయాను.”

“తెలిసిందండీ.”

“ఎందుకో ఇప్పుడు అర్థమైంది. ఇరవై మూడుసార్లూ నువ్వు ‘ఊహూ’ అన్నచోటల్లా మార్చుకున్నాను. ఈసారి నువ్వు ఒక్కసారైనా అనలేదు. అన్నాళ్ళూ గెలిచింది నా తెలివి కాదు, నీది. నిన్ను పట్టుకుని శాంపిలని నలుగురిలో నవ్వాను.” ఈ మాట చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టినందుకు నిజంగా సిగ్గేసింది.

ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

“పెద్ద పనులు ఎలాగూ రావు. చిన్నవే చేసుకుందాం,” అన్నాడు ఆవిడ చెయ్యి పట్టుకుని. “ఆఫీసులో నా పక్క కుర్చీ నీది. బోర్డు మీద ముందు నీ పేరే రాయిస్తాను. వస్తావా?”

“కిందటేడు ఈ మాట అనుంటే ఎగిరి గంతేసేదాన్ని.”

“ఇప్పుడేమైంది?”

ఆవిడ ఆయన చెయ్యి వదల్లేదు. మెల్లగా అంది.

“నర్సమ్మని గెలిపించింది నేనేనండీ.”