మూతపడని వాల్వు

"వాల్వు సరిగా మూసుకోవడం లేదు. అయినా పితకడం ఆపవద్దు," అంది కొట్టంలోని పాల యంత్రం, తియ్యగా.

రెడ్డెమ్మకు ఒళ్లు మండింది. ఒక్కో ఆవును పితికాక యంత్రం తన గొట్టాలను క్రిములు చచ్చే మందునీళ్లతో కడుక్కుంటుంది. ఆ నీళ్లు పాలలో కలవకుండా ఆపేది ఆ వాల్వే.

"బిడ్డలు తాగే పాలు గదా! మందునీళ్లు కలిస్తే ఎట్ల?"

"పాలు కొనే కంపెనీ అనుమతించిన మేరకే కలుస్తాయి."

ఆమె కరెంటు పీకేసింది. ఆ ఊళ్లో చేత్తో పాలు పితికి ఒక తరం దాటింది. చెంబుతో కూర్చోగానే ఆవు కాలు విదిలించింది. అవ్వ ముందుగా దూడను వదిలేదని అప్పుడు గుర్తొచ్చింది. తాడు విప్పింది. దూడ పొదుగును నాలుగు గుద్దులు గుద్దగానే ఆవు చేపింది, చన్నుల్లోకి పాలు దిగాయి.

రొంటిన, చీర కుచ్చిళ్ల దగ్గర దోపుకున్న ఫోను అదే తియ్యటి గొంతుతో పలికింది: "ఈ పాలు కంపెనీ తీసుకోదు."

"నీకు పోస్తానని యెవురు జెప్పినారు?" అంటూ రెడ్డెమ్మ మిగతా దూడలన్నిటినీ విప్పేసింది.